గుట్ట క్రిందనే కారు నిలిపిన నాడు

యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణము ముగిసి, 2022 మార్చి 28వ తేదీన ప్రధానాలయమందు దర్శనములు తిరిగి మొదలైన పిమ్మట, కొండ మీదికి ఆటోలు రాకూడదని కట్టడి చేసి, యాత్రికులను ఆర్టీసీ బస్సులలో ఉచితముగా పైకి చేరవేయు పద్ధతిని అధికారులు ప్రవేశపెట్టిరి. పద్ధతి మంచిదే. కాని నెల తిరిగినదో లేదో, కారు గలవారు 500 రూపాయల రుసుము చెల్లించి కొండపైన నిలుపుకొనవచ్చునని మరియొక ఉత్తరువు వెలువడినది. క్రింద ఆటో నడుపుకొని బ్రతుకువారో, ధర్నాలు చేసి చేసి, 2024 ఫిబ్రవరిలో గాని మరల ఆ కొండ నెక్కలేకపోయిరి. వాహనముల రద్దీని తగ్గింపవలెనను సదుద్దేశముతో ఆరంభమైన నియమము, దినమంతయు పలువురిని మోయు బండిని ఆపి, ఒక్క కుటుంబమును మోయు బండికి దారి విడుచుటతో పర్యవసించినది.

ఈ ఉదంతము నెత్తుట ఎవరినో దూషించుటకు గాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారమైన మనకును ఇట్టి ప్రశ్న నేడో రేపో ఎదురుపడకపోదు. బీర్కూరు మండలమందలి తిమ్మాపూరు గుట్టపైన ‘తెలంగాణ తిరుమల’యని పేరొందిన వేంకటేశ్వరాలయము కలదు, నాగిరెడ్డిపేట దాపున, ఒకప్పుడు నిజాము వేటాడిన పోచారము అభయారణ్యము కలదు, మంజీర పైన నిజాంసాగరము కలదు. ఇట్టి చోట్లకు జనము పెరిగినప్పుడెల్ల మనకు మొదట తోచునది దారిని వెడల్పు చేయుట, పిదప తోచునది కార్లు నిలుపు స్థలమును పెంచుట. కారును దూరముననే నిలిపివేయుట యనునది ఎవరికిని తోచదు. తోచినను, దానిని నోట పలుకుటకు ఏ నాయకునకును ధైర్యము చాలదు.

స్విట్జర్లాండు దేశమున, 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరపు పాదమున, సముద్రమట్టమునకు 1,600 మీటర్ల పైన వెలసిన జెర్మాట్ అను గ్రామమునకు పోవు యాత్రికుడు, ఎంతటి కోటీశ్వరుడైనను, ఐదు కిలోమీటర్ల దిగువనున్న టేష్ గ్రామమున తన కారును విడువవలసినదే. ఊరిలో తిరుగునవి అక్కడి కార్యశాలలయందే తయారగు చిన్న విద్యుద్వాహనములు. వానిని సైతము ఎవరికి తోచినట్లు వారు కొని తిప్పుటకు వీలులేదు; అనుమతి పొందవలెను. ఇంత చేసియు, సద్దు లేని ఆ బండ్లు వెనుకనుండి వచ్చి మీదపడునట్లున్నవని పాదచారులు సణుగుటయు లేకపోలేదు. హారన్ల మధ్య జీవయాత్ర సాగించు మనకు ఆ ఫిర్యాదు వినుటకే కొంత అసూయ కలుగును.

అది సంపన్న దేశము, వారి మాట మనకేల యందురేని, మహారాష్ట్రమందలి మాథేరానును చూడవచ్చును. సుమారు 800 మీటర్ల ఎత్తున, దట్టమైన అడవి నడుమనున్న ఈ చిన్న ఊరికి నేరల్ నుండి చిన్న రైలు 1907 నుండియు ఉన్నది. 2003లో కేంద్ర ప్రభుత్వము దీనిని పర్యావరణ దృష్ట్యా సున్నిత ప్రాంతముగ ప్రకటించినది. కార్లన్నియు దస్తూరి నాకా వద్ద ఆగిపోవును. అచ్చటినుండి ఎఱ్ఱమట్టి దారిలో కాలినడకయో, గుఱ్ఱమో, లేక మనుష్యులు లాగు రిక్షాయో చిరకాలము శరణ్యముగ నుండెను. పెట్రోలు పొగ సోకని ఆ ఊరి స్వచ్ఛతను మెచ్చుకొనుచు యాత్రికుడు కూర్చున్న రిక్షాను ముందొకడు లాగుచు, వెనుక మఱి యిద్దరు త్రోయుచు, వానకాలపు జారుడు బురదలో ఎగువకు సాగించు దృశ్యమును తలచుకొన్నచో, మోటారును నిషేధించి మనుష్యుని కాడికి కట్టిన ఆ స్వచ్ఛత యెంత క్రూరమైనదో బోధపడును. అనుమతిగల 94 రిక్షాలను లాగువారే తమకు ఈ-రిక్షాలు కావలెనని సుప్రీంకోర్టు తలుపు తట్టిరి. 2022 మే నెలలో న్యాయస్థానము ప్రయోగాత్మకముగా అనుమతినొసగినది. గుఱ్ఱముల వారు తమ జీవనము పోవునని అడ్డు తగిలిరి. ఆ వాదోపవాదములు మూడేండ్లు నడచి, తుదకు 2025 ఆగస్టు 6వ తేదీన, మనుష్యులు లాగు రిక్షాలను ఆరు నెలలలో మాన్పింపవలసినదని కోర్టు ఆదేశించినది.

మాథేరాను కథలో నాకు ముఖ్యముగా తోచునది యంత్రము గాదు, ఆ యంత్రము ఎవరి చేతికి పోవలెనను తగవు. బండి చక్రము నిన్నటివరకు ఎవడు త్రిప్పెనో అతనికే నేటి బండి దక్కవలెనని రిక్షావారు పట్టిన పట్టు న్యాయమైనది. మన యొద్ద 2023 డిసెంబరులో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము వచ్చిన తరువాత ఆటోవారి రాబడి పడిపోయినదను మొఱ రాష్ట్రమంతట వినిపించినది. రైలు గలది కామారెడ్డికి, ఎల్లారెడ్డికి లేదు, అందుచేత ఎల్లారెడ్డి చుట్టుపట్ల గ్రామస్థులకు బస్సు తప్పినచో ఆటోయే దిక్కు. అట్టి ఆటోవానిని గుట్ట క్రింద నిలువరించి, దూరపు నగరమునుండి వచ్చిన గుత్తేదారునకు విద్యుద్వాహనముల హక్కును కట్టబెట్టినచో, యాదగిరిగుట్ట తప్పునే మనము కరెంటుతో చేసినవారమగుదుము.

ఆ కరెంటులో అధికభాగము సింగరేణి బొగ్గునుండి వచ్చునదే గదా, దీనివలన ఒరుగునదేమని కొందఱందురు. ఆక్షేపణ నిజమే. అయినను గుట్టదారులలో విద్యుద్వాహనమునకు ఒక సహజమైన అనుకూలత కలదు: ఎక్కునప్పుడు వ్యయమైన శక్తిలో కొంత భాగము, దిగునప్పుడు మోటారే బ్రేకువలె పనిచేయుటచే మరల బ్యాటరీకి చేరును. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడువరకు కాళ్ళో, డోలీయో తప్ప గత్యంతరము లేని తిరుమలకు, 2022 సెప్టెంబరునుండి విద్యుత్ బస్సులు ఎక్కి దిగుచున్నవి. ఇక ఈ-రిక్షా గంటకు 25 కిలోమీటర్లకు మించి పోరాదనియు, నలుగురిని మించి ఎక్కించుకొనరాదనియు మన నిబంధనలే చెప్పుచున్నవి. గుట్టదారికి అంతకన్న వేగమేల?

తిమ్మాపూరులో ఈ పని ఆరంభింపవచ్చునని నా అభిప్రాయము. గుట్ట పాదమున నీడయు, నీరును గల నిలుపుచోటు నొకదానిని ఏర్పఱచి, బీర్కూరు, బాన్సువాడ, ఎల్లారెడ్డి ఆటోవారి సంఘములకే బండ్ల అనుమతులిచ్చి, వృద్ధులకును వికలాంగులకును మొదటి వరుస నొసగవలెను. మినహాయింపు అంబులెన్సునకును, అగ్నిమాపక శకటమునకును మాత్రమే. ఎఱ్ఱబుగ్గలు 2017 మే నెలలోనే పోయినవి గాని వాని క్రింది దర్పము పోలేదు. కావున శాసనసభ్యుని కారును, కలెక్టరు కారును గుట్ట క్రిందనే నిలువవలెనని నియమములో స్పష్టముగా వ్రాయవలెను, రుసుము చెల్లించినను సడలింపు లేదనియు చేర్చవలెను. విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో మాఫీ చేసినది. ప్యాసింజరు ఆటోలకును వర్తించు ఆ వెసులుబాటునకు గడువు 2026 డిసెంబరు 31. దేవస్థానము వారును, రవాణా శాఖ వారును ఆలోగా కూర్చుండి మాటలాడుకొన్నచో, ఆటోవాడు అప్పు చేయవలసిన మొత్తమందు కొంతయైనను తగ్గును.