కదలని సైకిలు



తెనాలి నుంచి రేపల్లెకు రైలుదారిలో సుమారు 34 కిలోమీటర్లు. వసారా దాటకుండా అంత దూరం తొక్కవచ్చునా?

సైకిలును స్టాండు వేసి తొక్కి చూడండి. చక్రం గిర్రున తిరుగుతుంది, కాళ్లకు శ్రమే ఉండదు. ఎందుచేత? బాపట్ల రోడ్డు మీద ఎదురయ్యే గాలీ, నేల రాపిడీ ఇక్కడ లేవు. అందుకే ట్రెయినరు అనే ఇనుప చట్రంలో వెనుక టైరుకు ఒక రోలరును ఆనించి, బరువు కల్పిస్తారు.

చట్రం వెనుక ఇరుసు కొనలను పట్టుకుంటుంది. చవక సైకిలుకు అక్కడ నట్లుంటాయి. అవి చట్రం గుంటలలో సరిగా కూర్చోవాలి. సైకిలు స్టాండు అడ్డు వస్తే మేస్త్రీ చేత తీయించాలి. 28 అంగుళాల చక్రం పడుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి.

ఇక లెక్క. ఆ చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు. ముందు పళ్లచక్రానికి 44, వెనుక దానికి 18 పళ్లుంటే, పెడలు ఒక చుట్టుకు 5.4 మీటర్లు. రేపల్లెకు సుమారు 6,300 చుట్లు! మీ సైకిలు పళ్లు లెక్కపెట్టి, మీ లెక్క మీరు కట్టండి.

ఒక్క మాట మరువకండి. మీరు కాళ్లు ఆపినా చక్రం వెంటనే ఆగదు. చువ్వల్లో వేలు పెడితే నలిగిపోతుంది. చిట్టి తమ్ముణ్ణి, చెల్లాయిని దూరంగా కూర్చోబెట్టిన తరువాతే పెడలు మీద కాలు పెట్టండి.