ఆధారం లేకపోవడమే ఆధారమైన చోట

1942 ఫిబ్రవరి 14న అమెరికా పశ్చిమ తీర సైన్యాధికారి లెఫ్టినెంట్ జనరల్ జాన్ డీవిట్ వాషింగ్టన్‌కు ఒక సిఫారసు పంపాడు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి అప్పటికి పది వారాలు. తీరం వెంబడి నివసించే జపాన్ సంతతి వాళ్లందరినీ అక్కణ్ణుంచి తరలించాలన్నది దాని సారాంశం. వాళ్లలో ఎవరైనా విధ్వంసానికి పాల్పడ్డారా అంటే, ఇంతవరకు అలాంటిదేమీ జరగలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఏమీ జరగకపోవడమే ఆందోళనకరమనీ, ఇకముందు జరుగుతుందనడానికి అదే రుజువనీ కూడా అందులోనే రాశాడు.

అయిదు రోజులకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఇళ్లు వదిలి ముళ్లకంచెల వెనక్కి వెళ్లినవాళ్లు సుమారు 1,20,000 మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే.

ఆ దేశ రాజ్యాంగ చరిత్ర చదవడం, చెప్పడం నా వృత్తి. స్వేచ్ఛకు అమెరికా చెల్లించిన మూల్యం అనగానే చాలామంది యుద్ధాల్లో చనిపోయినవాళ్ల లెక్క తీస్తారు. నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం డీవిట్ వాదన. నేరానికి ఆధారం ఉంటే శిక్షించవచ్చు, లేకపోతే వదిలిపెట్టాలి. ఆధారం దొరక్కపోవడమే అనుమానానికి బలమైతే, ఆ మనిషి ఏం చూపించి బయటపడాలి?

ఆ వాదన జనం ఇళ్ల దగ్గరికి ఏ రూపంలో వచ్చిందో చూడండి. కాలిఫోర్నియా వీధుల్లో స్తంభాలకు, గోడలకు నోటీసులు అంటించారు. మే 3 తేదీ వేసిన 34వ నోటీసు ప్రకారం అలమీడా కౌంటీలో ఒక ప్రాంతంలోని జపాన్ సంతతి వాళ్లంతా మే 9 మధ్యాహ్నం 12 గంటలకల్లా ఖాళీ చేయాలి. వెంట తెచ్చుకోవలసినవి కూడా అందులోనే ఉన్నాయి. పక్కబట్టలు తేవాలి, పరుపు తేకూడదు. మార్చుకునే బట్టలు, మనిషికి సరిపడా చాకు, ఫోర్కు, చెంచా, పళ్లెం, గిన్నె, కప్పు తెచ్చుకోవాలి. అదీ చేతులతో మోయగలిగినంతే. పెంపుడు జంతువులు కుదరవు. కుటుంబానికి ఒక నంబరు ఇస్తారు, ప్రతి మూట మీదా ఆ నంబరు ఉండాలి. అంత తక్కువ వ్యవధిలో జనం కొట్లు, చేపల పడవలు, పొలంలో పంటతో సహా అయినకాడికి అమ్ముకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న టాన్‌ఫొరాన్ గుర్రప్పందేల మైదానంలో గుర్రాల కొట్టాలకు వెల్ల వేసి కుటుంబాలను వాటిలో ఉంచారు. కొన్ని నెలల తర్వాత అక్కణ్ణుంచి లోపలి రాష్ట్రాల్లోని శిబిరాలకు పంపారు.

ఇదంతా భద్రత కోసమే అయితే హవాయి సంగతేమిటి? బాంబులు పడింది అక్కడ. జనాభాలో మూడో వంతుకు పైగా, దాదాపు 1,58,000 మంది, జపాన్ సంతతి వాళ్లే. అక్కడ నిర్బంధించింది మాత్రం రెండు వేల లోపు మందిని. జపాన్ సంతతి వాళ్లందరినీ తరలిస్తే రేవులు, చెరకు తోటలు, నిర్మాణ పనులు ఆగిపోతాయని అక్కడి సైనికాధికారికి తెలుసు. మిగిలినవాళ్లు యుద్ధం ముగిసేదాకా పనులు చేసుకుంటూనే ఉన్నారు, దీవులకు వాళ్ల వల్ల ఏ ముప్పూ రాలేదు.

ఓక్‌లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కొరెమాట్సుకు అప్పుడు 23 ఏళ్లు, వెల్డింగ్ పని చేసేవాడు. నోటీసును లెక్కచేయకుండా ఉండిపోయినందుకు అరెస్టయ్యాడు. 1944 డిసెంబరులో సుప్రీంకోర్టు 6–3 తేడాతో అతని శిక్షను ఖాయం చేసింది. విధేయులెవరో కానివాళ్లెవరో వెంటనే వేరుచేసే వీలు లేకపోయిందన్న సైన్యం మాటను మెజారిటీ న్యాయమూర్తులు నమ్మారు.

తరలింపు గురించిన తన నివేదిక మొదటి ప్రతిలో డీవిట్ రాసింది వేరు. సమయం చాలకపోవడం అసలు సమస్యే కాదని, ఈ జనంలో నమ్మదగినవాళ్లెవరో తేల్చడం అసాధ్యమని అందులో ఉంది. యుద్ధ శాఖ ఆ మాటలు మార్పించి, పాత ప్రతులను తగలబెట్టించింది. తీరం నుంచి శత్రునౌకలకు రేడియో సంకేతాలు వెళ్తున్నాయన్న ఆరోపణను అటు ఎఫ్‌బీఐ, ఇటు కమ్యూనికేషన్ల కమిషన్ కాదన్నాయి. ఆ సంగతి సుప్రీంకోర్టుకు తెలియాలని న్యాయ శాఖ లాయర్లు తమ వాదన పత్రంలో ఒక ఫుట్‌నోట్ రాశారు. దాఖలయ్యే సమయానికి దాన్ని అసలు విషయం బయటపడకుండా నీరుగార్చారు.

తగలబడకుండా మిగిలిన ఒక ప్రతి 1982లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐకో హెర్జిగ్-యోషినాగా కంటబడింది. ఆమె చదువుకునే వయసులో మాంజనార్ శిబిరానికి వెళ్లవలసివచ్చిన మనిషి. అలా బయటపడిన కాగితాల బలంతోనే 1983లో ఫెడరల్ జిల్లా కోర్టు కొరెమాట్సు శిక్షను రద్దు చేసింది. 1988లో కాంగ్రెస్ క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చేలా చట్టం చేసింది. అప్పటికి ఎంతోమంది పోయారు.

కథ అక్కడితో చక్కబడిందనుకునేవాళ్లు సుప్రీంకోర్టు 2018 తీర్పు చదవాలి. కొరెమాట్సు తీర్పు పూర్తిగా తప్పని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అందులో రాశారు. ముస్లింలు అధికంగా ఉన్న పలు దేశాల ప్రయాణికుల మీద నిషేధాన్ని సమర్థించింది కూడా ఆ తీర్పే. నిషేధానికి ప్రాతిపదిక అని ప్రభుత్వం చెప్పిన అంతర్గత సమీక్షను తెప్పించి పరీక్షించకుండానే కోర్టు ప్రభుత్వం మాట నమ్మింది. పాత తీర్పు పేరును కొట్టేసి, దాని అలవాటును అలాగే ఉంచుకుందని నా అభిప్రాయం.

2025 మార్చిలో యుద్ధ సమయంలో శత్రుదేశ జాతీయులను నిర్బంధించి పంపేయడానికి వీలిచ్చే 1798 నాటి శత్రుదేశీయుల చట్టాన్ని మళ్లీ బయటికి తీశారు. అంతకు ముందు దాన్ని వాడింది మూడు యుద్ధాల్లోనే. ఈసారి కాంగ్రెస్ ప్రకటించిన యుద్ధం లేదు. ఒక ముఠా సభ్యులంటూ వందమందికి పైగా వెనిజులా వాళ్లను ఆ చట్టం కింద విమానాల్లో ఎల్ సాల్వడార్ జైలుకు పంపారు. వాళ్లలో చాలామందికి అమెరికాలో నేరచరిత్ర లేదని ఒక వలస శాఖ అధికారి కోర్టుకిచ్చిన ప్రమాణ పత్రంలో ఒప్పుకున్నాడు. ఒక్కొక్కరి గురించి నిర్దిష్ట సమాచారం లేకపోవడమే వాళ్ల వల్ల ఉన్న ముప్పును ఎత్తిచూపుతోందని కూడా వాదించాడు. ఆ పేరా చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ముందుగా నోటీసు ఇవ్వాలని, సవాలు చేసుకునే అవకాశం ఉండాలని సుప్రీంకోర్టు ఏప్రిల్ 7న చెప్పింది. అప్పటికే వాళ్లు జైల్లో ఉన్నారు.

వాళ్లు విదేశీయులు కదా, పౌరులతో పోలికేమిటి అని నన్ను అడుగుతుంటారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజునే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఈ 1798 చట్టం కిందే జపాన్ జాతీయుల అరెస్టులు మొదలుపెట్టింది. పౌరుల వంతు రావడానికి పది వారాలు పట్టింది, అంతే.

తెలుగు కుటుంబాలకు ఇది దూరపు చరిత్ర కాదు. 2025 జనవరి 20 నాటి ఉత్తర్వు తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదంటుంది. హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లల ఇళ్లు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులేనన్న 1868 నాటి 14వ సవరణకూ, చైనా దంపతుల బిడ్డ వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో గెలిచిన తీర్పుకూ ఇది విరుద్ధమని కింది కోర్టులు దాన్ని అడ్డుకున్నాయి.

జపనీస్ అమెరికన్లు ఏళ్ల తరబడి పోరాడాక 1971లో ఒక చట్టం వచ్చింది. కాంగ్రెస్ చేసిన చట్టం అనుమతిస్తే తప్ప ఏ పౌరుణ్ణీ ప్రభుత్వం నిర్బంధించకూడదంటుంది అది. వీసా మీద ఉన్న తల్లిదండ్రులకు ఆ రక్షణ వర్తించదు. ఉత్తర్వు అమల్లోకి వస్తే వాళ్లకు అక్కడ పుట్టే బిడ్డకూ వర్తించదు.