పరీక్ష లేని మరమ్మతు

కారు డ్యాష్‌బోర్డుపై చెక్ ఇంజన్ దీపము వెలిగినంతనే యజమాని షెడ్డునకు పరుగిడుటయు, అచ్చటి పనివారు స్టీరింగు క్రింద నుండు 16 పిన్నుల కప్లరునకు స్కానరును తగిలించి తెరపై వచ్చిన కోడును చదువుటయు, ఆ కోడు ప్రక్కన ఏ సెన్సారు పేరు కనుపించిన ఆ సెన్సారును తెప్పించి బిగించి పంపుటయు నేడు మన పట్టణములలో మరమ్మతు అను పేర చెల్లుబాటగుచున్నవి. ఇందు చదువుట యున్నది, మార్చుట యున్నది. ఆ రెంటి నడుమ నుండవలసిన పరీక్ష మాత్రము లేదు. ఆ లోటు వలన యజమాని ధనమును, పనివాని పరువును ఎట్లు వ్యర్థమగుచున్నవో తెలియుటకు క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సారును మించిన ఉదాహరణము లేదు. ఏలయన, నిర్దోషియై యుండియు పెరికివేయబడు భాగములలో అది ముందు వరుసలోనిది.

దాని పని యెట్టిదో ముందుగా తెలిసికొనవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టనులు త్రిప్పు క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగినగాని వాల్వులను తెరచు క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు పూర్తి కాదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసలో మండు సాధారణమైన నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటవ పిస్టనును నాలుగవ పిస్టనును ఎల్లప్పుడు కలిసియే పైకి వచ్చును. కాని వానిలో నొకటి గాలిని, ఇంధనమును అదిమి మండుటకు సిద్ధముగా నుండగా, రెండవది కాలిన పొగను వెలికి నెట్టుచుండును. పిస్టను పైకి వచ్చినదని క్రాంక్ సెన్సారు చెప్పగలదేగాని, అది ఏ దశలో వచ్చినదో చెప్పజాలదు. ఆ సందేహమును తీర్చునది క్యామ్ సెన్సారు. దాని సంకేతమును నమ్మియే ఇంజను కంప్యూటరు ఏ సిలిండరునకు ఎప్పుడు ఇంధనము చిమ్మవలెనో నిర్ణయించును. వాల్వుల వేళలను ముందునకు వెనుకకు జరుపు ఏర్పాటు గల ఇంజనులలో క్యామ్‌షాఫ్ట్ ఎంత జరిగినదో తెలిసికొనుటకును అదియే ఆధారము. ఆ సంకేతము తప్పినప్పుడు కొన్ని బండ్లు ఎంత సెల్ఫు కొట్టినను స్టార్టు కావు. కొన్ని చాలసేపు తిరిగినపిదప అందుకొనును. కొన్ని పికప్పు కోల్పోయి యీడ్చుకొనుచు నడుచును. మరికొన్ని వేడెక్కినప్పుడు నడిరోడ్డున ఆగి, చల్లారిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు బయలుదేరును.

ఇక కోడు చెప్పునదేమి? ఈ కోడుల వ్యవస్థ పొగ కాలుష్యమును అరికట్టు చట్టముల నుండి పుట్టినది. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి నిర్బంధమైన ఈ ఓబీడీ (ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్) రెండవ దశ, మన దేశమున 2013 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చినది. ఎచ్చటనో సంకేతము చెడినది, పొగ పెరుగవచ్చునని హెచ్చరించుట దాని ముఖ్యప్రయోజనము. ఏ వస్తువును కొనవలెనో చెప్పుట దాని ధర్మము కాదు. పి 0340 అనగా క్యామ్ సెన్సారు సర్క్యూటులో లోపమున్నదని యర్థము. సంకేతము వచ్చుచున్నను అది ఉండవలసిన తీరున లేదని పి 0341 చెప్పును. వోల్టేజి మిక్కిలి తక్కువైన 0342, మిక్కిలి ఎక్కువైన 0343, వచ్చుచు పోవుచున్న 0344 కనుపించును. క్యామ్‌షాఫ్టునకును క్రాంక్‌షాఫ్టునకును నడుమ పొంతన కుదరనప్పుడు వచ్చు పి 0016 మరియొకటి. ఇన్ని భేదములు గల కోడులనన్నిటిని ‘సెన్సారు పోయినది’ అను ఒక్క మాటగా కుదించి చెప్పుట స్కానరు చేసిన తప్పు కాదు, చదివినవారి తొందర.

పొగను చూచి నిప్పును ఊహించుట అనుమాన ప్రమాణమని మన తార్కికులు చెప్పిరి. కాని పొగయని తలచినది మంచుతెర యైనచో ఆ యనుమానము కూలిపోవునని కూడ వారే హెచ్చరించిరి. సర్క్యూటు అను మాటలో సెన్సారు ఒక భాగము మాత్రమే. దానికి విద్యుత్తును తెచ్చు వైరు, ఎర్తు వైరు, సంకేతమును మోసికొనిపోవు వైరు, నడుమనుండు కప్లర్లు, వాని పిన్నులు, ఆ చివరనున్న కంప్యూటరు, ఈ చివర క్యామ్‌షాఫ్టుతో పాటు తిరుగు పండ్లచక్రము – ఇవన్నియు కలిసి సర్క్యూటగును. ఇంజను వెచ్చదనమునకు చేరిన ఎలుకలు వైరును కొరుకుటయు, సీలు కారి నూనె కప్లరులోనికి దిగుటయు, వాటర్ సర్వీసింగు నాడు చేరిన తడి వలన పిన్నులు పచ్చగా చిలుమెక్కుటయు, క్లిప్పు ఊడిన వైరింగు లోహపు అంచునకు ఒరసికొని తోలు ఊడుటయు, గ్యాసు కిట్టు కొరకో అలారము కొరకో వైరులను కోసి వేసిన అతుకులు వదులగుటయు మన వర్క్‌షాపులలో నిత్యము కనుపించు కారణములే. ఇవి గాక, ఐదు వోల్టుల సరఫరాను పంచుకొను వేరొక సెన్సారు షార్టయి, దానితో పాటు క్యామ్ సెన్సారునకు కూడ విద్యుత్తు అందకుండుట యున్నది. క్యామ్‌షాఫ్టును క్రాంక్‌షాఫ్టుతో కలుపు టైమింగు చైను సాగుటయో, బెల్టు ఒక పన్ను దాటుటయో యున్నది. ఈ కడపటి సందర్భములో సెన్సారు నిజమునే చెప్పుచున్నది. నిజము చెప్పినందుకు దానిని తీసి పారవేసి, అసలు రోగమును ఇంజనులోనే మిగుల్చుట కంటె అపాయకరమైన పని వేరొకటి లేదు.

పరీక్ష గొప్ప యంత్రములను కోరునది కాదు, క్రమమును కోరును. మొదట బ్యాటరీని చూడవలెను. నిండుగా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల చెంత నుండవలెను. సెల్ఫు కొట్టునప్పుడు పది వోల్టులకు మిక్కిలి దిగువకు పడిపోయిన, కంప్యూటరే తడబడి లేనిపోని కోడులను వ్రాయవచ్చును. పిదప కన్నులతో చూచు పరీక్ష: కప్లరు విప్పి నూనె, తడి, చిలుము, వెనుకకు జరిగిన పిన్ను ఉన్నవేమో చూచి, వైరింగును దాని దారి పొడవునను తడవి చూడవలెను. ఈ రెండును ముగియక ముందే సెన్సారు పిన్నులపై మల్టీమీటరు పట్టుట తొందరపాటు.

తరువాత సెన్సారు రకమును తెలిసికొనవలెను. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడబడునది హాల్ రకము. 1879లో బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న ఎడ్విన్ హాల్, విద్యుత్తు ప్రవహించు పలుచని బంగారు రేకును అయస్కాంత క్షేత్రములో నుంచినప్పుడు దాని అడ్డముగా స్వల్పమైన వోల్టేజి పుట్టుటను కనుగొనెను. ఆ ధర్మమే నేడు మన బానెట్ల క్రింద పనిచేయుచున్నది. ఈ రకమునకు సాధారణముగా మూడు వైరులుండును: సరఫరా, ఎర్తు, సంకేతము. ఫారడే 1831లో వెల్లడించిన విద్యుదయస్కాంత ప్రేరణపై ఆధారపడిన రెండవ రకమునకు సరఫరా అక్కరలేదు. చక్రపు పన్ను ఎదుట తిరుగునప్పుడు తానే ఏసీ వోల్టేజిని పుట్టించును. దాని తీగచుట్ట నిరోధమును ఓములలో కొలిచి కంపెనీ ఇచ్చిన కొలతతో పోల్చవచ్చును. అదే పరీక్షను హాల్ సెన్సారుకు చేసిన అర్థము లేని అంకె వచ్చుటయే గాక, లోపలి ఎలక్ట్రానిక్ భాగము చెడుటకును అవకాశమున్నది.

హాల్ సెన్సారు విషయమున కప్లరు విప్పి, తాళము ఆన్ చేసి కొలిచినప్పుడు సరఫరా వైరుపై బండిని బట్టి ఐదు వోల్టులో, పన్నెండు వోల్టులో ఉండవలెను. పెక్కు ఏర్పాట్లలో సంకేతపు వైరుపై కంప్యూటరు పంపిన ఐదు వోల్టులు కనుపించవలెను. సరఫరా లేనిచో సెన్సారును అనుమానించుటకే తావు లేదు; ఐదు వోల్టులను పంచుకొను తక్కిన సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుచు పోయిన, దేనిని విప్పినప్పుడు వోల్టేజి తిరిగి వచ్చునో అదియే దోషి. ఎర్తు వైరును ఓములతో మాత్రమే కొలిచి తృప్తి పడరాదు. తీగలోని పోగులలో ఒక్కటి మిగిలినను మీటరు సున్నా చూపగలదు గాని, విద్యుత్తు ప్రవహించునప్పుడు ఆ ఒక్క పోగు చాలదు. కావున సెన్సారును తగిలించి, అది పనిచేయుచుండగా ఎర్తు పిన్నునకును బ్యాటరీ నెగెటివ్‌కును నడుమ వోల్టేజిని కొలువవలెను. అది వోల్టులో పదవ వంతును మించిన, ఎర్తు మార్గమున లోపమున్నట్లే తలచవలెను.

అటుపిమ్మట కప్లరు వెనుకనుండి సన్నని పిన్నును జొనిపి, వైరు తోలును పొడువక, స్పానరుతో ఇంజనును చేతితో నెమ్మదిగా త్రిప్పవలెను. పన్ను ఎదుటికి వచ్చినప్పుడును తొలగినప్పుడును సంకేతము సున్నా చెంతనుండి ఐదునకు, ఐదునుండి సున్నా చెంతకు తటాలున మారిన సెన్సారు బ్రతికియున్నట్లే. ఇంజను నడుచునప్పుడు మల్టీమీటరు సగటును మాత్రమే చూపును గనుక, తప్పిన పన్నును పట్టుటకు సంకేతపు మార్పులను తెరపై గీతగా చూపు ఆసిలోస్కోపు కావలెను. క్యామ్ సంకేతమును క్రాంక్ సంకేతమును ఒకే తెరపై చూచిన, చైను సాగినదో లేదో ఇంజను విప్పకయే చాలవరకు తేలును. ఆగి ఆగి వచ్చు జబ్బునకు వైరింగును కదలించుచు, సెన్సారును మితముగా వేడిచేయుచు సంకేతమును గమనించుట ఉత్తమోపాయము. చివరకు బ్యాటరీని, కంప్యూటరు కప్లరును వేరుచేసి ఈ చివరనుండి ఆ చివరకు ప్రతి వైరు తెగకుండుటను, వైరుకు వైరుకు నడుమ, వైరుకు ఎర్తుకు నడుమ షార్టు లేకుండుటను సరిచూడవలెను. ఇన్నిటిని దాటియు సంకేతము రానప్పుడు మాత్రమే సెన్సారు మార్చుట న్యాయము.

ఇంత పరీక్ష చేయు వేళలో మూడు బండ్లకు సెన్సార్లు మార్చవచ్చునని పనివారు అందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. సెన్సారు ఖరీదును మారు మాటాడక చెల్లించు యజమాని, ‘ఏమియు మార్చలేదు, వైరును మాత్రము సరిచేసితిని’ అనిన కూలి యీయుటకు వెనుదీయును. వస్తువునకు విలువ కట్టి, తెలివికి విలువ కట్టని ఈ అలవాటే పనివానిని స్పేర్ పార్టుల దుకాణము వైపు నెట్టుచున్నది. ఆ దారియును చౌక కాదు. విప్పి తెచ్చిన ఎలక్ట్రికల్ సరకును దుకాణదారులు సామాన్యముగా వాపసు తీసికొనరు. డూప్లికేటు సెన్సారు బిగించిన, మునుపు లేని లోపము క్రొత్తగా వచ్చి చేరును. అప్పుడు పాత రోగమేదో క్రొత్త రోగమేదో వేరుపరచుట నేర్పరికి కూడ కష్టము. మామూలు మల్టీమీటరు వెల చాల సందర్భములలో ఒక ఒరిజినల్ సెన్సారు వెలను మించదని గుర్తించిన, పరీక్షకు సాధనములు లేవను మాట నిలువదు.

అయినను సాధనములకంటె దుర్లభమైనది సమాచారము. ఏ పిన్నుపై ఎన్ని వోల్టులుండవలెనో, ఏ రంగు వైరు ఎచ్చటికి పోవునో చెప్పు వైరింగు పటము లేనిదే ఎంతటి నేర్పరియు చీకటిలో తడవుకొనవలసినవాడే. విడిభాగములను, పరీక్షా సాధనములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండుట పోటీ చట్టమునకు విరుద్ధమని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. దానిపై అప్పీళ్లు నడచినను, ఆ తీర్పు లేవనెత్తిన ప్రశ్న నేటికిని సజీవము. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టలులో మోటారు వాహనములకును చోటు కల్పింపబడినది. యజమానులకు పుస్తకములు, కస్టమర్ కేర్ నంబర్లు చూపినంత మాత్రమున ఆ హక్కు నెరవేరదు; వైరింగు పటములును, కొలతలును తక్కువ రుసుముపై చిన్న షెడ్డునకు కూడ అందవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల తరతరములుగా చేతిపనిలో ఆరితేరినవారికి కొరతయైనది బుద్ధి కాదు, ఈ కాగితములు. ఐ.టి.ఐ.లలో మెకానిక్ మోటార్ వెహికల్ చదువు పిల్లలకు తెలుగున ఈ పరీక్షా క్రమమును చేతితో చేయించి నేర్పుటయు ప్రభుత్వములు వెంటనే పూనుకొనదగిన పని.

అంతవరకు యజమానులు చేయగలిగినది ఒకటున్నది. సెన్సారు పోయినదని చెప్పినవారిని మూడు ప్రశ్నలడుగుడు: సరఫరా ఎన్ని వోల్టులున్నది, ఎర్తు మార్గమును ఎట్లు కొలిచితిరి, ఇంజను తిరుగునప్పుడు సంకేతము మారుచున్నదా లేదా. జవాబులను బిల్లుపై వ్రాయించుకొనుడు. అట్లు కొలిచి చెప్పిన పనివానికి, అతడు ఏ వస్తువును మార్చకున్నను, పరీక్షకు తగిన కూలిని బేరమాడక చెల్లింపుడు.