పరిగె కోసం వదిలిన చోటు

లేవీయకాండము 19వ అధ్యాయంలో పొలాలున్న వారికి దేవుడిచ్చిన ఒక ఆజ్ఞ ఉంది. పంట కోసేటప్పుడు చేను మూలల దాకా పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, దాన్ని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి. ఆ మూల ఎంత ఉండాలో అక్కడ కొలత చెప్పలేదు. మూల దాకా కోసేసుకున్నవాడికి శిక్ష ఏమిటో కూడా చెప్పలేదు. కాపలా పెట్టమని అసలే చెప్పలేదు. అంతా పొలం యజమాని మనసుకు వదిలేసిన వ్యవహారం. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతు పరిగె ఏరుకుని తన అత్త నయోమి కడుపు నింపగలిగిందంటే, బేత్లెహేములో ఆ ఆజ్ఞను మనసారా పాటించే బోయజు ఒకడు ఉన్నాడు కాబట్టే.

ఎన్నోసార్లు ప్రసంగించిన ఈ పరిగె సంగతి మాకు నిజంగా అర్థమైంది మాత్రం ఇంగ్లండులో, ఒక సూపర్‌మార్కెట్ ముందు కార్లు నిలిపే స్థలంలో.

2023 చివర్లో అమ్మాయి పురిటికని మేమిద్దరం అక్కడికి వెళ్ళి కొన్ని నెలలున్నాం. మన తెలుగు ఇళ్ళ నుంచి ఎంతోమంది అమ్మమ్మలూ తాతయ్యలూ ఈ పని మీద విమానమెక్కుతున్నారు కాబట్టి అందులో విశేషమేమీ లేదు. అక్కడి పెద్ద దుకాణాల ముందు, గుమ్మానికి దగ్గరగా, కొన్ని పార్కింగ్ గడులు మిగతావాటికన్నా వెడల్పుగా గీసి ఉంటాయి. నేల మీద పెద్దమనిషి, పక్కన బిడ్డ ఉన్న బొమ్మ. వాటిని ‘పేరెంట్ అండ్ చైల్డ్ పార్కింగ్’ అంటారు. చిన్నపిల్లలతో వచ్చినవారి కోసం అన్నమాట. వికలాంగుల గడులు వేరే ఉంటాయి.

గుమ్మానికి దగ్గర కాబట్టి అదొక సౌఖ్యమని మేమూ అనుకున్నాం. అసలు సంగతి దగ్గరలో లేదు, వెడల్పులో ఉంది. ఆ దేశంలో బిడ్డకు 12 ఏళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేదాకా కారులో తగిన పిల్లల సీటు ఉండాలని చట్టం. ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోవడం కుదరదు. మామూలు గడి వెడల్పు సాధారణంగా 2.4 మీటర్లు. కారు వెడల్పు 1.8 మీటర్లనుకుంటే, పక్కపక్కన నిలిపిన రెండు కార్ల మధ్య మిగిలేది 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. ఆ రెండడుగుల సందులో తలుపు తెరిచి, నడుం వంచి, నెలల పిల్లను సీటులో పెట్టి బెల్టులు బిగించాలి. తలుపే సగం తెరుచుకోని చోట అది అయ్యే పని కాదు. అందుకే ఆ వెడల్పు. గుమ్మానికి దగ్గరగా పెట్టింది కూడా, కదిలే కార్ల మధ్య పసివాళ్ళతో ఎక్కువ దూరం నడవాల్సిన అవసరం లేకుండా చేయడానికే.

ఈ గడులకు చట్టం అండ లేదు. దుకాణం వారు తమ సొంత స్థలంలో చేసిన ఏర్పాటది. కొన్ని చోట్ల ప్రైవేటు పార్కింగ్ కంపెనీల ద్వారా డబ్బు కట్టమని నోటీసు పంపుతారు గాని, మేము వెళ్ళిన చోట అడిగినవారు ఎవరూ కనబడలేదు.

డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం. సన్నగా వాన. అమ్మాయి, పసివాడు ఇంట్లో ఉన్నారు. అల్లుడు కారు నడుపుతున్నాడు. గుమ్మం దగ్గర వెడల్పు గడి ఒకటి ఖాళీగా కనబడింది.

“అక్కడ పెట్టెయ్ బాబూ” అన్నాం.

“అది పిల్లలతో వచ్చినవాళ్ళకండి మావయ్యగారూ.”

“మనకూ పిల్లాడున్నాడుగా. వెనకాల సీటు కూడా ఉందాయె. ఐదు నిమిషాల పని.”

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. అత్తమామల మాట కాదనలేక అక్కడే నిలిపాడు. ఇరవై ఏళ్ళకు పైగా సంఘానికి వాక్యం చెప్పిన వాళ్ళం, ఇష్టం లేని పనిని మా పెద్దరికంతో అతనిచేత చేయించామన్న సంగతి ఆ క్షణాన తోచలేదు.

ఐదు నిమిషాలు అరగంటైంది. బయటికి వచ్చేసరికి అవతలి వరుసలో ఒక తల్లి కనబడింది. ట్రాలీ నిండా సామాన్లు, దానిపైన బుట్టసీటులో చంటిబిడ్డ. ఆమె కారు పక్కనే ఎవరో పెద్ద బండి ఆనించి పెట్టి వెళ్ళారు. తలుపు జానెడు కూడా తెరుచుకోవడం లేదు. ఆమె అటూ ఇటూ చూసింది. బిడ్డ ఉన్న ట్రాలీని వానలో ఓ పక్కకు నెట్టి, అవతలి వైపు నుంచి లోపలికి దూరి, కారును వెనక్కి తీసి దారికి అడ్డంగా ఆపింది. వెనకాల ఇంకో కారువాడు హారన్ మోగించాడు. ఆమె దిగి పరుగెత్తింది. ఆ పది పదిహేను సెకన్లు ఆ బిడ్డ దగ్గర ఎవరూ లేరు. ఎదురుగా, ఆమెకోసం గీసిన వెడల్పు గడిలో మా కారు. లోపల ఖాళీ పిల్లల సీటు.

ఆమె మమ్మల్నేమీ అనలేదు. మమ్మల్ని చూడనే లేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మాకు మాటలు సరిగా రాలేదు. బోయజు పొలంలో మూల దాకా కోసేసుకున్నవాళ్ళలా ఉన్నాం మేము.

‘ఖాళీగా ఉన్న చోటు వాడుకుంటే తప్పేమిటి, వృథాయేగా’ అనే వాదన చాలామంది నోట విన్నాం. అదే వాదన మేమూ చేసుకున్నాం. కానీ ఆ చోటు ఖాళీగా ఉండటమే దాని పని. చేను మూలన నిలిచిన కంకులను చూసి, ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి ఇవి నావే అని యజమాని అనుకుంటే, సాయంత్రం వచ్చే రూతుకు ఏముంటుంది?

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. బుద్ధి వచ్చిన వారం రోజులకే మేము కాపలావాళ్ళమైపోయాం. కొత్తగా మారుమనసు పొందినవాడికి లోకమంతా పాపులే కనబడతారు కదా! ఒకాయన ఒంటరిగా వచ్చి వెడల్పు గడిలోని కారు ఎక్కుతుంటే, తెలుగు అతనికి రాదన్న ధైర్యంతో గట్టిగానే సణిగాం. అతను కారును గుమ్మం దాకా తెచ్చాడు. అక్కడ చూరు కింద అతని భార్య కవలలతో నిలబడి ఉంది. వానలో పిల్లలు తడవకూడదని అతను ముందు వచ్చాడు, అంతే. వికలాంగుల బ్లూ బ్యాడ్జ్ విషయం కూడా ఇలాంటిదే. ఇంగ్లండులో 2019 ఆగస్టు నుంచి పైకి కనబడని వైకల్యాలున్నవారికి కూడా దాన్ని ఇస్తున్నారు. చక్కగా నడుస్తున్నాడే అని మనం వేలు చూపించిన మనిషి మోస్తున్న బరువు మనకు తెలియదు. ఇలాంటి విషయాల్లో మన కారు ఎక్కడ పెట్టామన్నదే మన లెక్క.

అయితే చిక్కు ప్రశ్నలున్నాయి. పద్నాలుగేళ్ళ కొడుకు పక్కన కూర్చుంటే పిల్లలతో వచ్చినట్టేనా? అతను తలుపు తానే తీసుకుని దిగగలడు, ఆ వెడల్పు అతనికి అక్కరలేదు. బిడ్డ నిద్రపోతే తల్లి కారులోనే ఉండి తండ్రి ఒక్కడే దుకాణంలోకి వెళ్తే? బిడ్డను దించే పనే లేనప్పుడు మామూలు గడి చాలు. నిండు గర్భిణి సంగతేమిటంటే, దుకాణానికో పద్ధతి. అక్కడివారిని అడగడం మేలు. కాదనే మనసు చాలామందికి ఉండదని మా నమ్మకం. తాతయ్యా అమ్మమ్మా మనవణ్ణి తీసుకెళ్తే నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు, మా నడుములకు ఆ వెడల్పు ఇంకా ఎక్కువ అవసరం. పిల్లల గడులు నిండిపోయాయని వికలాంగుల గడిలో పెట్టడం మాత్రం ఎవరికీ తగదు. ఒకరి అవసరం చూపించి ఇంకొకరి మూల కోయడమే అది.

ఆ ఊళ్ళో మన తెలుగు విశ్వాసుల సహవాసం ఒకటి ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాలులో కూడుతుంది. పక్కనే దుకాణం. ఒకసారి వాక్యం చెప్పమని పిలిస్తే వెళ్ళాం. ఆలస్యంగా వచ్చిన మనవాళ్ళ కార్లు మూడు, దుకాణం వెడల్పు గడుల్లో ఉన్నాయి. టీ తాగుతూ మా తప్పు మేము చెప్పుకుని, నెమ్మదిగా ఆ మాట కదిపాం. ఒక సోదరుడు నవ్వుతూ, “ఇక్కడ ఫైన్ వెయ్యరండి పాస్టరుగారూ, భయం లేదు” అన్నాడు. మాకు ధైర్యం చెబుతున్నట్టు చాలా ఆప్యాయంగా అన్నాడు! ఆర్టీసీ బస్సులో స్త్రీల సీట్లో కూర్చుని, చంటిబిడ్డ తల్లి ఎక్కగానే కళ్ళు మూసుకుని నిద్ర నటించే అలవాటు వీసా తీసుకుని సముద్రాలు దాటిందనిపించింది. ఫైన్ ఉంటే భయం, లేకపోతే మనది అనుకుంటే, దేవుడు కొలతా శిక్షా రాయకుండా మన మనసుకు వదిలిన ఆజ్ఞలన్నీ ఏమైపోతాయి?

అదే హాలులో తలుపు దగ్గరి కుర్చీల్లో మా వయసువాళ్ళే కూర్చున్నారు, త్వరగా లేచి వెళ్ళొచ్చని. పసిపిల్లల తల్లులు బయట నడవాలో నిలబడి వాక్యం విన్నారు, బిడ్డ ఏడిస్తే నలుగురినీ దాటి బయటికి రాలేమని. చిన్నపిల్లల్ని తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడ్డాడని మార్కు సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. శిష్యులు దుర్మార్గులేమీ కారు, కూడిక సాఫీగా సాగాలనుకుని ఉంటారు. మనమూ అంతే. ఆ రోజు మేము చెప్పదలచిన ప్రసంగం పక్కనబెట్టి, తలుపు దగ్గరి నాలుగు కుర్చీలు ఖాళీ చేయమని అడిగాం. ఇద్దరు లేచారు. ఇంకో ఇద్దరు మా వైపు చూసి బైబిలు తెరుచుకున్నారు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు చివరిసారి ఆ దుకాణానికి వెళ్ళాం. మళ్ళీ వాన. పసివాడు ఇంట్లోనే ఉన్నాడు. వెడల్పు గడులు మూడు ఖాళీగా ఉన్నాయి. అల్లుడు మమ్మల్ని అడగకుండానే వాటిని దాటి వెళ్ళి, స్థలం చివర చెట్ల దగ్గర కారు పెట్టాడు. గొడుగు ఒకటే ఉంది. గుమ్మం చేరేసరికి బూట్లు తడిశాయి. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే మూడింటిలో రెండు నిండాయి, ఒకటి ఇంకా ఖాళీగానే ఉంది.