లాగగలదు సరే... మోయగలదా?

అమెరికాలో పికప్ ట్రక్కు ప్రకటన ఏది చూసినా ఒకటే ఊదర: ఇన్ని వేల పౌండ్లు లాగేస్తుంది! డాలస్, ఆస్టిన్ వైపు ఉద్యోగాల్లో కుదురుకున్న మనవాళ్లు కూడా పికప్ కొని, వెనక బోటో క్యాంపరో తగిలించుకుని వీకెండ్‌కి బయల్దేరుతున్నారు. సరదా మంచిదే. కానీ ప్రకటనలోని ఆ పెద్ద అంకె చూసి ట్రైలర్ ఎంచుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదంటాను.

చూడాల్సిన అంకె డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే టైర్ల స్టిక్కర్ మీద ఉంటుంది. అదే పేలోడ్. ట్రైలర్ బరువంతా దాని చక్రాలే మోయవు. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెనక భాగం మీద పడుతుంది. బీటెక్ ఫస్టియర్‌లో గీసి మరిచిపోయిన ఫ్రీ బాడీ డయాగ్రమే ఇది! లెక్క చూడండి. ట్రైలర్ 8,000 పౌండ్లనుకుంటే, హిచ్ మీద సుమారు 1,000. హిచ్ సరంజామా 100. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిపి 500. మొత్తం 1,600. స్టిక్కర్ మీద 1,500 అని ఉంటే, కూలర్ బాక్సు ఎక్కించకముందే పరిమితి దాటేశాం. 11,000 పౌండ్లు లాగుతుందన్న కంపెనీ మాట అబద్ధమేం కాదు. జే2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డును ఏసీ ఆన్‌లో పెట్టి ఎక్కగలగాలి. కాకపోతే ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరే.

'అయితే సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దితే హిచ్ మీద బరువు తగ్గుతుంది కదా' అంటారు కొందరు. ఇది ఇంకా ప్రమాదం. వెనక బరువెక్కితే హైవే వేగంలో ట్రైలర్ తోకలా అటూఇటూ ఊగడం మొదలెడుతుంది. అందుకే 60 శాతం సామాను ముందు సగంలోనే ఉండాలంటారు. ఊగుడు మొదలైతే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. తొక్కారో, ముందు ట్రక్కు నెమ్మదిస్తుంది, వెనక నుంచి ట్రైలర్ నెట్టుకొచ్చి బండిని అడ్డం తిప్పేస్తుంది. యాక్సిలరేటర్ వదిలేయాలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి, కంట్రోలర్ మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ఆ మీట ఎక్కడుందో బయల్దేరకముందే చేత్తో తడిమి చూసుకోవాలి.

వేగం సంగతి సరేసరి. 55 మైళ్ల నుంచి 70కి పెంచితే ఆపాల్సిన శక్తి 60 శాతం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి 55 మైళ్లే పరిమితి.

నాకు మింగుడుపడనిది లైసెన్సు విషయం. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సుతోనే ఇదంతా లాగేయొచ్చు. బ్రిటన్‌లో ట్రైలర్‌కి విడిగా టెస్టు ఉండేది, 2021లో దాన్నీ ఎత్తేశారు. నా ఉద్దేశంలో అది తప్పు నిర్ణయం. గంటసేపు రివర్స్, బ్రేకింగ్ చేయించి చూడటం ఎవరికీ భారం కాదు.

అలాంటి టెస్టు వచ్చేదాకా ఒక పని చేయొచ్చు. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో తూకం కాటాలుంటాయి, ఖర్చు కొద్ది డాలర్లే. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ట్యాంకు నింపుకుని, సామాను సర్దాక తూయించండి. ఆ చీటీని డోరు మీది స్టిక్కర్ పక్కన పెట్టి చూశాకే హైవే ఎక్కండి.