ఐచ్ఛికమను పేర నిర్బంధము

విద్యార్థికి స్వేచ్ఛ నొసగితిమని మన విశ్వవిద్యాలయములు పదియేండ్లుగా చాటుచున్నవి. 2015వ సంవత్సరమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఐచ్ఛిక పాఠ్యములతో గూడిన క్రెడిట్ల పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుచు, ఎన్నుకొను అధికారము ఇక విద్యార్థిదేనని ప్రకటించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ మాటనే మరింత బిగ్గరగా పలికినది. భౌతికశాస్త్రము చదువువాడు సంగీతము నేర్వవచ్చునట. వాణిజ్యశాస్త్రము చదువువాడు చరిత్రను ఎన్నుకొనవచ్చునట. వినుటకు ఎంత ఇంపుగా నున్నది! కాని ఆ సంగీతమునకును, ఆ చరిత్రకును వచ్చిన గ్రేడును ప్రధాన విషయముల గ్రేడులతో కలిపి, ఒకే త్రాసున తూచి, వాని డిగ్రీ తరగతిని నిర్ణయించుచున్నారు. ఒక చేతితో హక్కు నిచ్చి, ఆ హక్కును వినియోగించుకొన్నవానిపై రెండవ చేతితో జరిమానా విధించుట యెట్టి న్యాయము? ఇది ఐచ్ఛికమను పేర నడచుచున్న నిర్బంధమని మా అభియోగము.

పఠనమందిరములకు వచ్చు పెద్దలలో పలువురు మార్కులు, తరగతులు మాత్రమే యున్న కాలమున చదివినవారు. వారికొరకు ఈ క్రొత్త లెక్కను కొంత విప్పి చెప్పుట అవసరము. నిధుల సంఘము సూచించిన కొలత పది మెట్లది. అత్యుత్తమమునకు ‘ఓ’ అను గ్రేడు. దాని విలువ 10. ‘ఏ ప్లస్’ 9, ‘ఏ’ 8, ‘బి ప్లస్’ 7, ‘బి’ 6, ‘సి’ 5, కేవలము గట్టెక్కినవానికి 4. తప్పినవానికి సున్న. ప్రతి పాఠ్యమునకు బోధించు గంటలనుబట్టి రెండో, మూడో, నాలుగో క్రెడిట్లుండును. గ్రేడు విలువను క్రెడిట్లతో గుణించి, అన్నిటిని కూడి, మొత్తము క్రెడిట్లచే భాగించినచో వచ్చునదియే సి.జి.పి.ఏ. నేడు మన బిడ్డల నుదుటివ్రాత యిదియే. 2022వ సంవత్సరపు డిసెంబరులో వెలువడిన ప్రణాళిక ననుసరించి మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి 160 క్రెడిట్లు కావలెను.

ఇక విద్యార్థి యేమి చేయుచున్నాడో చూడుడు. ఐచ్ఛికముల పట్టిక గోడమీద అంటించిన దినమున వాడు పాఠ్యప్రణాళికను చదువడు. పై తరగతివానిని వెదకికొని పోవును. ఏ పేపరు తేలిక? ఏ అధ్యాపకుడు ధారాళముగా మార్కులు వేయును? ఏ పేపరునకు గడచిన మూడేండ్ల ప్రశ్నలు వల్లించిన చాలును? ఇవియే వాని ప్రశ్నలు. ఈ పాఠ్యము వలన నాకు ఏమి తెలియును అను ప్రశ్న వాని నోట రాదు. వచ్చినను, ప్రక్కనున్న మిత్రుడు నవ్వును. ఇంట తండ్రి కోపించును.

మేము ఆ విద్యార్థిని నిందింపము. వాని చుట్టు గీచిన గీతలు అట్టివి. డెబ్బదియైదు శాతము లేనివానికి నాలుగవ యేట పరిశోధన శాఖ లేదు. కళాశాలకు ఉద్యోగములు పట్టుకొని వచ్చు కంపెనీలలో పెక్కులు పదవ తరగతి మొదలు డిగ్రీవరకు అరువది శాతమునకు తక్కువైన వానిని వాకిటనే నిలిపివేయుచున్నవి. కొన్ని విశ్వవిద్యాలయములలో ఒక్క పేపరు ఒక్కసారి తప్పినవానికి, తరువాత ఎంత బాగుగ వ్రాసినను, డిస్టింక్షను అను మాట దక్కదు. ఇన్ని ఉచ్చుల నడుమ నడచు పిల్లవానితో “నాయనా, నీ యిచ్చవచ్చినది ఎన్నుకొనుము” అనుట వేళాకోళము గాక మరేమి?

అయినను ఈ భయము ఎంతవరకు నిజము, ఎంతవరకు పుకారు అనునది లెక్కించి చూడవలసియున్నది. ఒక విద్యార్థి 120 క్రెడిట్లలో 116 క్రెడిట్లకు సరాసరిన ‘ఏ’ తెచ్చుకొన్నాడనుకొందము. మిగిలినది నాలుగు క్రెడిట్ల ఐచ్ఛికము. అందు తేలికైనదానిని ఎన్నుకొని ‘ఓ’ తెచ్చుకొన్నచో వాని సి.జి.పి.ఏ. 8.07. మనసుపడిన కష్టమైనదానిని ఎన్నుకొని ‘బి ప్లస్’తో సరిపెట్టుకొన్నచో 7.97. మూడు మెట్లు దిగినను మొత్తముమీద నష్టము పదింట ఒకవంతు మాత్రమే! ఇరువది క్రెడిట్ల ఒక్క సెమిస్టరులో చూచినచో అదే నష్టము 0.6గా భూతమువలె కనబడును. మూడేండ్ల లెక్కలో అది కరగిపోవును. 160 క్రెడిట్ల ఇంజనీరింగు విద్యార్థికి మూడు క్రెడిట్ల ఐచ్ఛికమున ఇట్టి తగ్గుదల 0.06ను మించదు. సెమిస్టరు పత్రమును చూచి బెదరిన పిల్లవాడు, పూర్తి లెక్కను చూపువాడు లేకపోవుటచే, జీవితమునకు పనికివచ్చు విద్యను పదింట ఒకవంతునకు అమ్ముకొనుచున్నాడు.

కాని ఆ పదింట ఒకవంతే గీతకు ఈవల నొకనిని, ఆవల నొకనిని నిలుపుచున్నది. పై లెక్కనే మరల చూడుడు. సి.జి.పి.ఏ.ను శాతముగా మార్చుటకు ఒకచోట 0.5 తీసివేసి పదిచే గుణింతురు; మరియొకచోట 0.75 తీసివేసి గుణింతురు. మొదటి సూత్రము చొప్పున 8.07 వచ్చినవానికి 75.7 శాతము, 7.97 వచ్చినవానికి 74.7 శాతము. ఒకనికి పరిశోధన ద్వారము తెరచుకొన్నది, రెండవవానికి మూసికొన్నది. ఇద్దరి నడుమ భేదమేమి? ఒకడు తేలికైన పేపరును, ఒకడు కష్టమైన పేపరును ఎన్నుకొనిరి. అంతియే. పరిశోధనకు కావలసిన గుణమేదియో అది కష్టమైనదానిని కోరి తలకెత్తుకొన్నవానిలోనే యున్నదని చెప్పుటకు పండితులు కావలెనా? రెండవ సూత్రము చొప్పున ఇద్దరును గీతకు దిగువనే! ఒకే కృషికి ఒక ఊర నొక ఫలము, మరియొక ఊర నొక ఫలము. ఇట్టి కొలతబద్దను అంగడిలో నొక వర్తకుడు వాడినచో తూనికలు కొలతల అధికారి వానిపై కేసు పెట్టును.

ఈ మార్కుల బేరము డిగ్రీతో మొదలైనది కాదు. ఇంటర్మీడియట్టులోనే పిల్లలకు అలవాటు చేసితిమి. తెలుగు మాతృభాషగా గల వేలకొలది పిల్లలు రెండవ భాషగా తెలుగును విడిచి సంస్కృతమును తీసికొనుట సంస్కృతముపై భక్తిచేత కాదని అందరెరుగుదురు. కాళిదాసును చదువవలెనను కోరికతో సంస్కృతము చేరినవానికి మేము నమస్కరింతుము. కాని ఆ భాషలో ఒక్క వాక్యము సొంతముగా కూర్చలేనివాడు నూటికి తొంబదికి పైబడి మార్కులు తెచ్చుకొని, రెండేండ్లు తిరుగకముందే అక్షరములు సైతము మరచుచున్నాడే, వానికి ఏ భాష వచ్చినట్లు? తెలుగును పోగొట్టుకొన్నాడు, సంస్కృతము దక్కలేదు, మిగిలినది మార్కుల కాగితము. ఆ పిల్లవాడే డిగ్రీకి వచ్చి ఐచ్ఛికముల పట్టిక ముందు నిలుచునప్పుడు అదే కంటితో చూచుటలో వింత యేమున్నది?

ఇంకొక మాట. పట్టికలో నున్నవన్నియు విద్యార్థికి అందుచున్నవా? 2023–24లో ఆంధ్రప్రదేశమున మూడు ప్రధాన విషయముల పాత పద్ధతిని తొలగించి, ఒక ప్రధానవిషయము, ఒక ఉపవిషయము అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. కాగితముపై ఉపవిషయములు అనేకము. కాని చిన్న పట్టణపు కళాశాలలో అధ్యాపకుడున్న విషయమే ఐచ్ఛికము, లేనిది లేదు. తగినంతమంది చేరలేదని చెప్పి, తత్త్వశాస్త్రము కోరిన పదిమందిని కంప్యూటరు గదికి తోలుకొనిపోవుట మనము చూడని వింత కాదు. అచ్చట ఎన్నుకొన్నది విద్యార్థి కాదు, యాజమాన్యము. కాని గ్రేడు తగ్గినచో దెబ్బతినునది మాత్రము విద్యార్థియే. 2021వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ఒక సెమిస్టరు పాఠ్యములలో నూటికి నలుబదివరకు కేంద్రప్రభుత్వపు ‘స్వయం’ వేదికద్వారా చదివి క్రెడిట్లు పొందవచ్చును. అధ్యాపకుడు లేని కళాశాలకు ఇది దారి చూపునట్టి నిబంధన. ఈ సంగతి ఎందరు విద్యార్థులకు తెలియజేసిరో కళాశాలల పెద్దలు తమ మనస్సాక్షిని అడుగుకొందురు గాక.

“మార్కులు లేనిచో ఎవడు చదువును? లెక్కలోనికి రాని పాఠ్యము గాలికి పోవును” అని ఆక్షేపించువారు గలరు. ఇది త్రోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. ఇంగ్లండులోని విశ్వవిద్యాలయములలో అధికభాగము మొదటి యేటి మార్కులను డిగ్రీ తరగతి లెక్కలో చేర్చవు, ఉత్తీర్ణుడైన చాలును. అచ్చట కొందరు పిల్లలు ఆ యేడు సోమరులగుదురనుట నిజమే. అయినను ఆ దేశము ఆ ఏర్పాటును విడువలేదు. ఏలయన క్రొత్త విద్యలో అడుగుపెట్టువానికి తడబడుటకు కొంత చోటుండవలెనని వారెరుగుదురు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయము 1969లో చేసిన సంస్కరణము చొప్పున విద్యార్థి కోరినచో పాఠ్యమును గ్రేడు లేకుండ, తృప్తికరము అను ఒక్క మాటతో ముగించుకొనవచ్చును. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున మొదటి సెమిస్టరులో తప్పిన పాఠ్యము బయటివారికి చూపు పత్రమున కెక్కదు. ఈ విద్యాలయముల చదువు చెడిపోయినదని ఎవరును అనలేదు.

అంతదూర మేల? మన యింటనే చూడుడు. 1910లో మచిలీపట్నమున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళ నేర్పుచుండగా ఆయన వద్ద కుంచె పట్టినవారిలో అడవి బాపిరాజు ఒకరు. బాపిరాజు న్యాయశాస్త్ర పట్టభద్రుడు. ఆ చిత్రకళ ఆయన డిగ్రీ తరగతిని ఒక్క మెట్టైనను పైకెత్తలేదు, క్రిందికి లాగనులేదు. అది లెక్కలో లేని విద్య. కాని నేడు ఆంధ్రులు ఆయనను తలచుకొనునది ప్లీడరుగా కాదు, చిత్రకారుడుగా, నవలాకారుడుగా. నేటి లెక్కలో చిక్కియున్నచో ఆ యువకుడు కుంచె పట్టుటకు ముందు పై తరగతివానిని “ఇందు మార్కులు వచ్చునా?” అని అడిగియుండడా?

ఈ దురవస్థను తొలగించుటకు క్రొత్త చట్టము అవసరము లేదు. నిధుల సంఘపు మార్గదర్శకములలోనే క్రెడిట్లు లేని పాఠ్యములకు గ్రేడు బదులు తృప్తికరము, అతృప్తికరము అని వ్రాసి, వానిని సి.జి.పి.ఏ. లెక్కనుండి మినహాయించు ఏర్పాటున్నది. ఆ మినహాయింపునే స్వశాఖకు వెలుపలి ఐచ్ఛికములకు, క్రెడిట్లతో సహా, విస్తరింపుమని మా కోరిక. వివరముగా చెప్పుదుము.

మొదటిది: ఏడాదికొక ఐచ్ఛికమును, అది విద్యార్థి ప్రధానవిషయమునకు వెలుపలిదైనచో, ఉత్తీర్ణుడైనంత మాత్రమున క్రెడిట్లిచ్చి, గ్రేడు లెక్కనుండి తప్పింపవలెను. హాజరు, పరీక్ష మామూలుగనే యుండవలెను. సోమరికి దారి యీయ నక్కరలేదు. రెండవది: ఒకే రాష్ట్రమున సి.జి.పి.ఏ.ను శాతముగా మార్చు సూత్రము ఒక్కటియే యుండవలెను. మూడవది: ఐచ్ఛికముల పట్టికతోపాటు, ఆ పాఠ్యమునకు ఎన్ని క్రెడిట్లు, ఎవరు బోధింతురు, గడచిన యేడు ఏ గ్రేడు ఎందరికి వచ్చినది అను వివరములను బహిరంగముగ ప్రకటింపవలెను. పుకారు నడచుచోట ప్రకటన నడచినచో భయము సగము తగ్గును. నాలుగవది: అధ్యాపకుడు లేని పాఠ్యమును పట్టికలో చూపి విద్యార్థిని చేర్చుకొన్న కళాశాలపై చర్య తీసికొనవలెను.

విశ్వవిద్యాలయములు ఈ పని చేయువరకు విద్యార్థులు చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. ఐచ్ఛికమును ఎన్నుకొనుటకు ముందు ఒక కాగితము, ఒక పెన్సిలు తీసికొని పైన మేము చూపిన లెక్కను స్వయముగా వేసికొనుడు. గీతకు దూరముగా నున్నవాడు నిర్భయముగా తన మనసుకు వచ్చిన విద్యను ఎన్నుకొనవచ్చును. పదింట ఒకవంతు వానిని ముంచదు. గీత అంచున నున్నవాడు ఆలోచించి అడుగు వేయుట తప్పు కాదు. కాని వాడును అన్ని ఐచ్ఛికములను భయమునకు అర్పింపవలదు. ఒక్కటియైనను తనకొరకు ఉంచుకొనవలెను. తలిదండ్రులారా, పిల్లవాడు ఇంటికి వచ్చినపుడు ఎంత వచ్చినదని అడుగుట మీ హక్కే. ఏమి నేర్చితివని అడుగుట మీ ధర్మము. హక్కును వినియోగించుకొనుచున్నారు, ధర్మమును మరువకుడు.

జాతి యువకులు తేలికైనదానినే వెదకుట నేర్చిన పిదప, కష్టమైన పనులు వచ్చినప్పుడు పిలిచినను పలుకువారుండరు. బావులు త్రవ్వుటకు, న్యాయము చెప్పుటకు, రోగులను చూచుటకు, గ్రంథములు వ్రాయుటకు తేలికైన మార్గము లేదు. ఐచ్ఛికము నిజముగా ఐచ్ఛికము కావలెను. అది కాలేనినాడు పట్టికలోనుండి ఆ మాటను కొట్టివేయుటయే నిజాయితీ.