చూడనిది చెప్పవద్దు, తెలిసినది దాచవద్దు

మదీనాకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఖైబర్ ఉంది. చుట్టూ నల్లని అగ్నిశిలల మైదానాలు, నడుమ ఖర్జూర తోటలు. అక్కడి యూదులతో సంధి అమలులో ఉన్న రోజుల్లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సహల్ (రజి), ఆయన బంధువు హజ్రత్ ముహయ్యిసహ్ (రజి) అక్కడికి వెళ్లి, తోటల్లో వేర్వేరు దారులు పట్టారు. తరువాత అబ్దుల్లాహ్ (రజి) హతులై కనిపించారు. చూసినవారు ఒక్కరూ లేరు.

హతుని తమ్ముడు, ఇద్దరు బంధువులు మహాప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చారు. వారి అనుమానమంతా ఖైబర్ వాసులపైనే. హంతకుడు ఫలానా అని యాభై ప్రమాణాలు చేయగలరా అని ఆయన అడిగారు. కళ్లారా చూడనిదానికి ప్రమాణం ఎలా చేయగలమని వారు వెనుదీశారు. అయితే యూదులు యాభై ప్రమాణాలు చేసి నిర్దోషులవుతారని ఆయన అన్నారు. వారి ప్రమాణాలను నమ్మలేమన్నారు బంధువులు. అప్పుడు దైవప్రవక్త (సల్లం) అనుమానం మీద ఎవరినీ శిక్షించలేదు. ఆ రక్తాన్ని వృథా పోనివ్వనూ లేదు. తామే నూరు ఒంటెలను రక్తధనంగా ఇప్పించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసులో హంతకుని పేరు లేదు. దుఃఖంలో మునిగి ఉండి కూడా అబద్ధ ప్రమాణానికి ఒప్పుకోని ఒక కుటుంబం ఉంది.

నేడు గల్ఫ్ ఎడారుల్లో గొర్రెలు, ఒంటెలు కాచే మన తెలుగు బిడ్డలు మరణించినప్పుడు శవపేటిక శంషాబాదుకు చేరుతుంది. గుండె ఆగిందని కాగితం చెబుతుంది. ఊరు మాత్రం వేరే కథ అల్లుతుంది. భార్యతో ఫోనులో గొడవపడ్డాడట, అన్నదమ్ములు డబ్బు కాజేశారట! మరణ కారణాన్ని అధికారుల ద్వారా విచారింపజేయడం వారసుల హక్కు. కానీ ఇద్దత్‌లో ఉన్న వితంతువుపై నింద మోపడం విచారణ కాదు, మహాపాపం.

ఇక రెండవ పార్శ్వం చూద్దాం. బయటివారు చూడనిది చెబుతుంటే, ఇంటివారు తెలిసినది దాస్తారు. ప్రయాణంలో మరణం ఆసన్నమైతే వీలునామాకు ఇద్దరు సాక్షులుండాలని, సాక్ష్యాన్ని దాచరాదని సూరహ్ మాయిదహ్ 106వ ఆయతు ఆదేశిస్తోంది. దాని నేపథ్యం బుఖారీలో ఉంది. సహమ్ తెగకు చెందిన ఒకరు ముస్లిములెవరూ లేని ప్రాంతంలో చనిపోయారు. సహచరులు తెచ్చి ఇచ్చిన సామానులో బంగారు నగిషీ గల వెండి పాత్ర లేదు. సహచరుల చేత ప్రమాణం చేయించారు. తరువాత ఆ పాత్ర మక్కాలో బయటపడింది. వారసుల్లో ఇద్దరు ప్రమాణం చేసి తమ హక్కు నిలుపుకున్నారు.

ఆ వెండి పాత్ర ఇప్పటికీ మన ఇళ్లలో మాయమవుతూనే ఉంది. గదిలోని మిత్రుడికి ఇచ్చిన అప్పు, ఏజెంటు కోసం తెచ్చిన వడ్డీ బాకీ, చెల్లించని మహర్, కంపెనీ పంపిన పరిహారం... వీటిని కోడలికి తెలియకుండా అత్తింటివారు దాస్తారు. కొన్నిసార్లు అత్తింటివారికి తెలియకుండా కోడలూ దాస్తుంది. షరీఅత్ క్రమం స్పష్టం. ముందు ఖనన ఖర్చులు, ఆపై అప్పులు, ఆపై మూడోవంతు మించని వసీయతు, చివరకు వారసుల వాటాలు. మహర్ కూడా అప్పే. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదోవంతు, లేకుంటే నాలుగోవంతు.

మృతుని లోపాలను కప్పుదాం. అది మన ధర్మం. అతని బాకీలను, ఇతరుల హక్కులను మాత్రం కప్పవద్దు. కప్పితే ఆ భారం అతని మెడ మీదే ఉంటుంది. విదేశాలకు వెళ్లే ప్రతి సోదరుడూ ఇచ్చిపుచ్చుకోవలసినవన్నీ ఒక కాగితంపై వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఇంట్లో ఉంచాలి. ఎడారిలో జరిగినదంతా మనకు తెలియకపోవచ్చు. అల్లాహ్‌కు తెలియనిది లేదు. మన నాలుకలను అపనిందల నుండి, మన చేతులను అనాథల సొమ్ము నుండి ఆయన కాపాడుగాక! ఆమీన్.